ఎర కూడా చేపే

పట్టే చేప ఎంత పొడుగుండాలో చెప్పే చట్టాలు వస్తున్నాయి. మరి గాలానికి గుచ్చే చేప సంగతి ఎవరు చూడాలి?

చెన్నై నుంచి ఈస్ట్ కోస్ట్ రోడ్డు మీద మహాబలిపురం వైపు వెళ్తుంటే, కోవళం ఇంకా రాకముందే ముట్టుకాడు వంతెన తగులుతుంది. ఆదివారం తెల్లవారకముందే అక్కడికి గాలాలవాళ్లు చేరిపోతారు. ఐటీ ఉద్యోగులు, ఆటో నడిపేవాళ్లు, రిటైరైన పెద్దమనుషులు, ముందురోజు రాత్రే సూళ్లూరుపేట నుంచో నెల్లూరు నుంచో బయల్దేరి వచ్చిన కుర్రాళ్లు. చేతిలో రాడ్డు రెండు వేలదైనా ముప్ఫై వేలదైనా, పక్కన మాత్రం అందరికీ ఒకటే సరంజామా: పాత పెయింటు బకెట్టు, దాని అంచుకు తగిలించిన బ్యాటరీ ఎయిరేటరు. బుడగల మధ్య బెత్తెడేసి మడవై పిల్లలు సుడులు తిరుగుతుంటాయి. ఆంధ్రా తీరంలో కత్తిపరిగ అనేది వీటినే. చీకట్లో విసురువల వేసి పట్టినవి.

చేతులు తడుపుకుని ఒక పిల్లను తీస్తారు. పొడిచేత్తో పట్టుకుంటే ఒంటిమీది జిగురు పోయి త్వరగా చచ్చిపోతుంది. వీపు రెక్కకు కాస్త ముందు, వెన్నెముకకు తగలకుండా, చర్మం కింద నుంచి ముల్లు గుచ్చుతారు. వెన్నెముకకు తగిలిందా, ఆ ఎర పనికిరాదు. సరిగ్గా గుచ్చితే ముల్లుతోనే అరగంట ఈదుతుంది. ఆ తడబాటు ఈతకే పండుగప్ప వస్తుంది.

పండుగప్ప పడిందంటే వంతెన మీదున్న వాళ్లంతా మూగుతారు. ఎంత పొడుగు, ఎన్ని కిలోలు అని అడుగుతారు, ఫొటోలు తీస్తారు. బకెట్టులోని మడవై పిల్ల ఎంత పొడుగని మాత్రం ఎవరూ అడగరు. సైజు పరిమితుల మీద దేశంలో నడుస్తున్న చర్చలో నాకు అన్నిటికన్నా ముఖ్యంగా కనిపిస్తున్న ప్రశ్న ఇదే.

బెత్తెడు పిల్ల వయసెంత?

మడవై గుడ్లు పెట్టేది సముద్రంలో. చెన్నై తీరంలో ఈశాన్య రుతుపవనాల రోజుల్లో, అంటే ఏట్లో నీళ్లు నిండి ఇసుక మేటలు తెగి మొగలు తెరుచుకునే కాలంలో, పిల్లలు గుంపులుగా లోపలికొస్తాయి. అడయారు మొగ, కోవళం మొగ, ఎన్నూరు క్రీక్, పులికాట్ సరస్సు అన్నీ వాటికి పెరిగే చోట్లే. బురద మీది నాచు తిని అక్కడే ఎదుగుతాయి. దాదాపు 30 సెంటీమీటర్లు వస్తే తప్ప గుడ్లు పెట్టే ఈడు రాదు. అందుకు రెండు మూడేళ్లు పడుతుంది. బకెట్టులో ఉన్నది 10, 12 సెంటీమీటర్ల పిల్ల. అంటే ఒక్కసారి కూడా గుడ్లు పెట్టని చేప.

సైజు పరిమితి వెనకున్న సూత్రం ఇంతే: ప్రతి చేపకూ చచ్చేలోపు కనీసం ఒక్కసారైనా సంతానాన్ని కనే అవకాశం ఇవ్వాలి. మాట చిన్నదే కానీ ఆచరణలో పెట్టడం కష్టం. ఎందుకంటే చిన్న చేపలన్నీ పిల్లచేపలు కావు. నెత్తళ్లు వేలెడు పొడుగుకే పెద్దవై గుడ్లు పెట్టేస్తాయి. అదే పొడుగున్న మడవై పసిగుడ్డు. ఒకే బకెట్టులో పక్కపక్కన ఈదే రెండు చేపల్లో ఒకటి ముసలిది, ఒకటి పిల్ల కావచ్చు. ఏ చేప ఎంతకు ఈడేరుతుందో తెలియకుండా పెట్టే పరిమితి అక్కరకు రాదు.

లక్షద్వీప్‌లోని మినికాయ్ వాళ్లకు ఈ సంగతి తరతరాలుగా తెలుసు. అక్కడ ట్యూనాను వలతో పట్టరు. కర్రకు కట్టిన గాలంతో ఒక్కొక్కటిగా లాగుతారు. ఆ గుంపును పడవ దగ్గరికి రప్పించడానికి బతికున్న ఎర వెదజల్లుతారు. లగూన్‌లో సన్నకన్నుల వలతో పట్టే హొందెలి, రెహి లాంటి చిట్టి చేపలవి. పడవ అడుగున సముద్రపు నీళ్లు వచ్చిపోయేలా కట్టిన తొట్టిలో వాటిని బతికించి తీసుకెళ్తారు. ఎంత పెరిగినా అవి జానెడు కావు. అక్కడికి వెళ్లి పది సెంటీమీటర్ల లోపు చేప పట్టకూడదని చట్టం చేస్తే, ప్రపంచంలోకెల్లా మర్యాదైన ట్యూనా వేట ఒకటి ఆగిపోతుంది. మడవైకి వర్తించాల్సిన న్యాయం హొందెలికి వర్తించదు. సైజు పరిమితి ఎప్పుడూ చేప పేరుతోనే రావాలి.

కేరళ చూపిన దారి

దేశంలో ఈ పని ముందుగా గట్టిగా మొదలుపెట్టింది కేరళ. కొచ్చిలోని కేంద్ర సముద్ర మత్స్య పరిశోధన సంస్థ, సీఎంఎఫ్ఆర్ఐ, జాతులవారీగా లెక్కలు కట్టి సిఫార్సు చేసింది. ఆ ప్రభుత్వం 2015లో 14 రకాలకు కనీస చట్టబద్ధ సైజు ప్రకటించింది. 2017 నాటికి జాబితా 58 రకాలకు పెరిగింది. కవళ్లకు 10 సెంటీమీటర్లు, కానాగంతలకు 14. చేపకు ముక్కు నుంచి తోక చివరిదాకా కొలుస్తారు, పీతకు డిప్ప వెడల్పు చూస్తారు.

గమనించాల్సిందేమిటంటే ఆ 10, ఆ 14 కూడా చేప ఈడేరే సైజు కన్నా తక్కువే. కవళ్లు 15 సెంటీమీటర్ల దగ్గర్లో ఈడేరుతాయి. వల కన్నుల్లో పెద్దదీ చిన్నదీ కలిసే పడతాయి కాబట్టి, జాలరి పూర్తిగా దెబ్బతినకుండా శాస్త్రవేత్తలు కుదిర్చిన రాజీ అది. చట్టం ఒప్పుకుంది గనక చేపకు నష్టం లేదనుకోవడానికి వీల్లేదు. వలవేసేవాడికి ఆ రాజీ అవసరం. ఒక్కో చేపను చేత్తో తీసి చూసే గాలంవాడికి ఆ అవసరం లేదు.

కేరళకు ఆ తొందర ఊరికే రాలేదు. 2012లో ఆ రాష్ట్రంలో దాదాపు 4 లక్షల టన్నుల కవళ్లు దిగితే, 2021లో 3,300 టన్నులకు పడిపోయింది. సముద్రం వేడెక్కడం, మేత మారడం లాంటివి పెద్ద కారణాలే. అయితే చేప తగ్గుతున్న రోజుల్లోనే పిల్లల్ని కూడా ఊడ్చేస్తే కోలుకోవడం ఆలస్యమవుతుంది. కవళ్లు తిని పెరిగిన జనం అది కళ్లారా చూశారు.

మనకున్న చట్టాలు ఎవరికి?

తమిళనాడు సముద్ర మత్స్య నియంత్రణ చట్టం 1983 నాటిది. మరబోట్లు తీరానికి దగ్గరి నీళ్లలో వేటాడకూడదు, ఆ నీళ్లు నాటుపడవలవి. ట్రాల్ వల సంచికి కన్ను 40 మిల్లీమీటర్లకు తగ్గకూడదు. ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 వరకు 61 రోజులు మరబోట్లకు వేట నిషేధం. ఆంధ్రప్రదేశ్‌కు 1994 నాటి వేరే చట్టం ఉంది, తూర్పు తీరం కాబట్టి నిషేధ కాలం అదే. ఇవన్నీ పడవను, ఇంజిన్‌ను, వలను చూసి రాసినవి. ఒడ్డున రాడ్డు పట్టుకుని సరదాగా నిల్చున్న మనిషిని దృష్టిలో పెట్టుకుని రాసినవి కావు.

బరువును చూసి పెట్టిన నిబంధన చెన్నై వ్యాపారులకు బాగా తెలిసినది ఒకటుంది: లాబ్‌స్టర్ల ఎగుమతి. కేంద్రం 2003లో కనీస బరువులు ఖరారు చేసింది. కోవళం రాళ్లలో దొరికే హోమరస్ రకం 200 గ్రాములకు, పాలీఫేగస్ 300కు, ఆర్నేటస్ 500కు తగ్గితే ఎగుమతి చేయకూడదు. చట్టం ఇక్కడ త్రాసు పట్టుకుని నిల్చుంది విదేశానికి వెళ్లే పెట్టె దగ్గర. మన వంటింటికి వచ్చే బుట్ట దగ్గర ఆ త్రాసు లేదు.

వేట నిషేధం సంగతీ ఆలోచించాలి. ఆ 61 రోజులు చాలా చేపలకు మేలు చేస్తాయి, అనుమానం లేదు. మడవై పిల్లలు మొగల్లోకి వచ్చేది మాత్రం నవంబరు నుంచి ఫిబ్రవరి దాకా. వాటికి నీడ కావాల్సిన నెలల్లో ఏ వేట నిషేధమూ లేదు. విసురువలలకు అదే మంచి సీజను.

బకెట్టు ఎంత, బోటు ఎంత

గాలాలవాళ్లతో ఈ మాట ఎత్తితే వెంటనే వచ్చే జవాబు, 'అన్నా, ముందు కాసిమేడు పోయి చూడండి.' ఆ జవాబులో న్యాయముంది. కాసిమేడు హార్బరులో ట్రాలరు దిగినప్పుడు వంజరం, సందువా ఒకవైపు వేలానికి వెళ్తే, ఇంకోవైపు పారలతో ఎత్తే కుప్ప ఒకటుంటుంది. చెత్త చేప అంటారు. వేలెడు పీతలు, గోరంత కటిల్ చేపలు, పేరు పెట్టకముందే పట్టుబడిన పిల్లలు. ఎండబెట్టి కోళ్ల దాణాకూ, రొయ్యల మేతకూ పంపిస్తారు. ఆ బోట్ల మీద మన శ్రీకాకుళం, నెల్లూరు జాలర్లు కూడా కూలికి పనిచేస్తారు. ఆ మేత మళ్లీ మన గోదావరి, నెల్లూరు చెరువులకే చేరుతుంది. వంతెన మీది బకెట్లన్నీ కలిపినా ఆ కుప్పలో ఒక మూలకు చాలవు.

ఎన్నూరు కూడా అంతే. అక్కడ క్రీక్‌లో ఏళ్ల తరబడి థర్మల్ బూడిద చేరింది. 2023 డిసెంబరులో మిచాంగ్ తుఫాను వరదతో చమురు తెట్టు వచ్చి కొసస్తలై నదిమొగను, మడ చెట్లను నల్లగా పూసేసింది. డిసెంబరంటే పిల్లలు లోపలికొచ్చే నెల. ఆ ఒక్క వారంలో పోయిన చేపపిల్లల ముందు గాలంవాడి ఎర లెక్కలోకి రాదు.

కాబట్టి సైజు నియమం ముందు ట్రాల్ సంచి కన్ను దగ్గర అమలు కావాలి, ఫ్యాక్టరీ కాలువ దగ్గర అమలు కావాలి. ఇందులో నాకు రెండో మాట లేదు. 'వాళ్లు అంత చేస్తున్నారు గనక నేను ఇంత చేసినా తప్పులేదు' అనే వాదన మాత్రం నాకు మింగుడుపడదు. ట్రాలరు వాడికి డీజిలు అప్పుంది, కూలీలున్నారు, ఇల్లు గడవాలి. మనం సరదాకు వెళ్తున్నాం. బతుకు కోసం పట్టేవాడిని అడగకముందే నియమాన్ని ఒప్పుకోవాల్సింది సరదాకు పట్టేవాడే.

ఇరులర్ల రొయ్య

బతికున్న ఎరలో మడవై కన్నా ఎక్కువ వాడేది రొయ్యే. ఎన్నూరు, పులికాట్ నీళ్లలో ఇరులర్ గిరిజన ఆడవాళ్లు, మగవాళ్లు నడుముల్లోతు బురదనీళ్లలో కూర్చుని, చేతులతో అడుగు తడుముతూ రొయ్యలేరుతారు. పట్టింది పట్టినట్టు వేయడానికి తాటాకు బుట్ట పళ్లతో కరచి పట్టుకుంటారు. రెండు చేతులూ ఖాళీగా ఉండాలి కదా. వలలేదు, పడవలేదు. వేళ్లకే తెలుస్తుంది ఏది రొయ్యో ఏది రాయో.

తెల్ల రొయ్య, టైగర్ రొయ్య గుడ్లు పెట్టేది సముద్రంలో. పిల్లలు బ్యాక్‌వాటర్‌లోకి వచ్చి కొన్ని నెలలు పెరిగి, ఈడు వస్తుండగా మళ్లీ సముద్రానికి పోతాయి. అంటే క్రీక్‌లో దొరికే ఈ రొయ్యలు దాదాపు అన్నీ చిన్నవే. ఈడేరని రొయ్య పట్టకూడదని గీత గీస్తే, మొట్టమొదట దాని కింద నలిగేది చేతులతో ఏరుకునే ఇరులర్లు. వాళ్ల వల్ల రొయ్య తరిగిపోయిందని ఎవరూ అనలేరు. సెంటీమీటరు బద్ద ఒక్కటే న్యాయం చేయలేదని చెప్పడానికి ఇంతకన్నా మంచి ఉదాహరణ నాకు తెలియదు. ఎర రొయ్య కావాలంటే వాళ్ల దగ్గర కొనండి, బేరమాడకండి. విసురువల మీరు వేయకండి.

వేరే దేశాల్లో

యూరోపియన్ యూనియన్ ఈ చిక్కును ఎదుర్కొని 1998 నాటి నిబంధనల్లోనే ఒక మినహాయింపు రాసుకుంది. సార్డిన్, ఆంకోవీ, మాకెరల్, హార్స్ మాకెరల్ చేపలు కనీస సైజు కన్నా చిన్నవైనా, ఎర కోసమైతే పడవలో ఉంచుకోవచ్చు. ఒకటే షరతు, బతికి ఉండాలి. బిస్కే అఖాతంలో ట్యూనా పట్టే పడవలు బతికున్న ఎర మీదే ఆధారపడతాయి.

ఇంగ్లండ్ నదుల్లో దారి వేరు. 2010 నుంచి గాలంవాడు రోజుకు 20 సెంటీమీటర్లలోపు చిన్న చేపలు 15 మాత్రమే తీసుకోవచ్చు. ఎర కోసం తీసుకున్న చేపను ఏ నీళ్లలో పట్టారో ఆ నీళ్లలోనే వాడాలి. చిన్నవి కొన్ని పోనిచ్చి, గుడ్లుపెట్టే పెద్దవాటిని నీళ్లలోనే ఉంచే పద్ధతి ఇది. స్కాట్లాండ్ మంచినీళ్లలో బతికున్న చేపను ఎరగా గుచ్చడమే నిషేధం. జర్మనీలోనూ దాదాపు అంతే. జర్మనీలో చూసేది సైజును కాదు, చేప పడే బాధను.

వీటిలో మనకు పనికొచ్చేది ఇంగ్లండ్ నియమమని నా అభిప్రాయం. లెక్కపెట్టడం సులువు, అర్థం చేసుకోవడం సులువు. పైగా 'పట్టిన నీళ్లలోనే వాడాలి' అన్న షరతు చెన్నైకి అత్యవసరం. చెంబరంబాక్కంలోనో పుళల్‌లోనో పట్టిన జిలేబీ చేపను కొరమీను ఎరకని ఇంకో చెరువుకు మోసుకెళ్లి, మిగిలినవి 'పాపం' అని అక్కడే వదిలేసేవాళ్లు ఉన్నారు. ఆఫ్రికా నుంచి వచ్చిన ఆ చేప మన చెరువుల్లో ఎలా పాకిపోయిందో ప్రతి ఊరికీ తెలుసు.

ముల్లు మింగిన చేప

ఎర సైజు మాట అలా ఉంచి, పడే చేప సైజుకూ బతికున్న ఎరకూ ఒక లంకె ఉంది. చిన్న చేప పడితే వదిలేయమనడమే సైజు పరిమితి. వదిలేసిన చేప బతకాలి కదా. ప్లాస్టిక్ ల్యూర్‌ను చేప పెదవితో కొరుకుతుంది, ముల్లు మూతి దగ్గరే దిగుతుంది. బతికున్న ఎరను మాత్రం నిజమైన తిండే కాబట్టి గుటుక్కున మింగుతుంది. ముల్లు గొంతులోనో పేగులోనో దిగుతుంది. దాన్ని కెలికి, లాగి, రక్తం కారుతుండగా నీళ్లలో వదిలి 'రిలీజ్ చేశాం' అనుకోవడం ఆత్మవంచన. గుండ్రంగా లోపలికి వంగిన సర్కిల్ హుక్ వాడితే ముల్లు ఎక్కువసార్లు మూతి అంచునే పట్టుకుంటుంది. ఒకవేళ మింగేస్తే లాగకుండా దారం దగ్గరగా తెంపి వదలడం మేలు.

పండుగప్ప విషయంలో ఇది ఇంకా ముఖ్యం. ఈ చేప మొదట మగదిగా ఈడేరుతుంది. కొన్నేళ్ల తర్వాత, బాగా పెరిగాక ఆడదవుతుంది. అంటే మన ఫొటోల్లో గర్వంగా ఎత్తి పట్టుకునే పెద్ద పండుగప్పలే లక్షలకు లక్షల గుడ్లు పెట్టే తల్లులు. ఆస్ట్రేలియాలోని క్వీన్స్‌లాండ్ అందుకే కింద 58 సెంటీమీటర్లు, పైన 120 సెంటీమీటర్లు అని రెండు గీతలు పెట్టింది. మధ్యలోవే ఉంచుకోవాలి. పిల్లల్ని వదలాలి, తల్లుల్నీ వదలాలి.

మద్రాసులో పుట్టిన మాటే

పిల్లచేపల మీద ఈ పట్టింపు పరాయి దేశాల నుంచి కొత్తగా దిగుమతైంది కాదు. ఇక్కడ చేపల్ని పరిశీలించి రాయడమే చాలా పాతది. మన కానాగంతకు శాస్త్రనామం 'కనగుర్త' అయింది విశాఖలో పనిచేసిన ప్యాట్రిక్ రసెల్ 1803లో అచ్చువేయించిన చేపల పుస్తకం పుణ్యమే. ఆ తర్వాత డెబ్భై ఏళ్లకు, మద్రాస్ సివిల్ సర్వీసులో పనిచేసిన హెన్రీ సలివన్ థామస్ 'ద రాడ్ ఇన్ ఇండియా' రాశాడు. ఆయన గాలం పిచ్చి ఉన్న మనిషి. సన్నకన్నుల వలలతో, బుట్టలతో ఏట్లోని చేపపిల్లల్ని ఊడ్చేయడాన్ని ఎదిరించిన అధికారీ ఆయనే. అదే 1873లో మద్రాసు సైన్యపు డాక్టరు ఫ్రాన్సిస్ డే మంచినీటి చేపల మీద నివేదిక ఇచ్చాడు. 1897లో భారత మత్స్య చట్టం వచ్చింది. వల కన్ను ఎంతుండాలో నియమం పెట్టే అధికారం ప్రభుత్వాలకిచ్చింది, మందుగుండుతో, విషంతో చేపలు పట్టడాన్ని నేరం చేసింది. గాలం పట్టినవాళ్లే పిల్లచేపల తరఫున మొదట గొంతెత్తిన ఊరు ఇది.

పరిష్కారం కూడా ముట్టుకాడులోనే ఉంది. చెన్నై కేంద్రంగా పనిచేసే ఉప్పునీటి ఆక్వాకల్చర్ పరిశోధన సంస్థ, సీబా, అక్కడి తన కేంద్రంలో 1997లో పండుగప్పను తొట్లలో గుడ్లు పెట్టించి దేశంలో తొలిసారి పిల్లల్ని తీసింది. 2015లో పాలబొంతకూ అది సాధించింది. పాలబొంత పిల్లలు చురుకైనవి, ఉప్పునీళ్లకూ చప్పనీళ్లకూ తట్టుకుంటాయి, ఆగ్నేయాసియాలో ట్యూనా పడవలు వాటినే ఎరగా పెంచి వాడిన అనుభవముంది. హ్యాచరీలో పుట్టిన పిల్లను ఎరగా కొంటే మొగలోని పిల్ల మొగలోనే పెరుగుతుంది. చెరువు కౌలుకు తీసుకున్న నలుగురు జాలరి కుర్రాళ్లకు అదొక వ్యాపారం అవుతుంది. కొట్లలో ఆక్సిజన్ కవర్లలో అలంకార చేపలు అమ్ముతున్న కొళత్తూరు ఉన్న ఊరికి ఎర చేపలు అమ్మడం ఏం కష్టం?

తమిళనాడు, ఆంధ్రా మత్స్యశాఖలకు ఒక విన్నపం. సరదా వేటకు వేరే నియమావళి రాయండి. అందులో ఎర గురించి విడిగా రాయండి: రోజుకు ఎన్ని, ఏ రకాలు, ఏ నెలల్లో. ట్రాల్ సంచి కన్ను తనిఖీ ముందు చేసి, బకెట్టు తనిఖీ తర్వాత చేయండి. ఇరులర్ల చేతివేటను ఏ జాబితాలోనూ ఇరికించకండి.

గాలాల అన్నలకు, తమ్ముళ్లకు ఇంకో మాట. చట్టం వచ్చేదాకా ఆగక్కర్లేదు. బకెట్టు పక్కన ఒక స్కేలు పెట్టుకోండి. సర్కిల్ హుక్కుకు మారండి. నవంబరు నుంచి ఫిబ్రవరి వరకు మడవై పిల్లను ఎరగా గుచ్చకండి, ఆ నాలుగు నెలలూ ల్యూరో కొన్న రొయ్యో వాడండి. సాయంత్రం ఇంటికి బయల్దేరేటప్పుడు బకెట్టులో మిగిలిన వాటిని, ఎక్కడ పట్టారో అక్కడే, బతికుండగా వదలండి.